ఆపరేషన్ మద్రాసులో, మానడం మన ఊళ్ళో

టాప్ సర్జరీ, అంటే రొమ్ములు తీసేసి ఛాతీని మగవాళ్ళ ఛాతీలా చేసే ఆపరేషన్, చేయించుకోవాలనుకునే తమ్ముళ్ళు కావలి నుంచి, గూడూరు నుంచి, అటు కనిగిరి వైపు నుంచి నాకు ఫోన్ చేస్తుంటారు. ముందు అడిగేవి రెండే. ఎంతవుతుందన్నా, ఎవరు బాగా చేస్తారన్నా. డబ్బు ఎట్లా పోగేయాలి, సైకియాట్రిస్ట్ సర్టిఫికెట్‌కి ఎక్కడికి పోవాలి, ఇంట్లో ఏం చెప్పి బయటపడాలి, ఇవన్నీ మావాళ్ళు ఒకరికొకరు నేర్పుకుంటారు. ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా దారి అందరికీ కంఠతా వచ్చు. బల్ల దిగినాక వచ్చే ఏడాది గురించి అడిగేవాళ్ళు తక్కువ, చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ.

నేను రాస్తున్నది ఆ ఏడాది గురించే. ఛాతీ ఆపరేషన్ మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. గాయం మాని మచ్చ కుదురుకోవడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఆ కాసిని గంటలు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో గడుస్తాయి. మిగతాదంతా నెల్లూరు జిల్లా ఎండలో, రేకుల ఇంట్లో, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో గడవాలి. అప్పుడు కావలసిన వైద్యం మన జిల్లా నర్సులకీ, సర్జన్లకీ, చర్మం డాక్టర్లకీ రోజూ చేతిలో ఉన్న పనే. అది మాకూ ఇక్కడే, మామూలుగా, అవమానం లేకుండా దొరకాలి. మచ్చ గురించి పట్టించుకోవడం సోకు కోసం అనే మాట మానుకోవాలి. ఈ రెండే నేను అడిగేవి.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించినా మగవాళ్ళుగా బతికేవాళ్ళం మేము, ట్రాన్స్ మెన్. హిజ్రా అక్కలు జనానికి తెలుసు. రైళ్ళలో, సంతల్లో, రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర కనబడతారు. మేం కనబడం. లూజు చొక్కా కింద ఛాతీని చదునుగా అణిచిపెట్టే బైండర్ బిగించుకుని, భుజాలు ముందుకు వంచుకుని తిరుగుతుంటాం. బైండర్ కొనలేని కుర్రాళ్ళు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటారు. అది మెల్లగా బిగుసుకుపోయి పక్కటెముకల్ని నొక్కేస్తుంది, ఊపిరి ఆడనివ్వదు. దయచేసి ఆ పని చేయొద్దు. మంచి బైండరైనా ఎనిమిది గంటలు దాటనీయొద్దు, నిద్రలో అసలే వద్దు. మా దగ్గర మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ ఉక్కలో బైండర్ కింద చర్మం చెమటకాయలతో, తామరతో ఒరుసుకుపోతుంది. ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే ఆ తామర నయం చేయించుకోండి. ఒరిసిన చర్మం మీద కోత మంచిది కాదు.

ఆపరేషన్‌లో ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఛాతీ చిన్నగా ఉండి చర్మం బిగువుగా ఉంటే చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున కోసి లోపలిది తీస్తారు. మచ్చ చిన్నది. కానీ లోపల రక్తం చేరడం, మళ్ళీ సరిచేయించుకోవాల్సి రావడం ఇందులో కాస్త ఎక్కువ. ఛాతీ పెద్దదైతే రెండు కోతల పద్ధతి. ఛాతీ కండరం కింది అంచు వెంబడి రెండు పక్కలా పొడుగాటి కోత పెట్టి, లోపలి రొమ్ము కణజాలాన్నీ మిగులు చర్మాన్నీ తీసేసి, చనుమొనల్ని చిన్నవి చేసి కొత్త చోట అతికిస్తారు. అతికించినదానికి కింద నుంచి కొత్తగా రక్తం అందాలి కాబట్టి దాని మీద మెత్తటి కట్టు ఒకటి వారం దాకా కదలకుండా కుట్టి ఉంచుతారు. బీడీ, సిగరెట్, గుట్కా ఏ రూపంలో పొగాకు ఒంట్లోకి పోయినా రక్తనాళాలు సన్నబడి ఆ అతుకు చచ్చిపోవచ్చు. ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మానమని సర్జన్లు చెప్పేది ఇందుకే. కట్టు విప్పినప్పుడు చనుమొన నల్లగా అట్టకట్టి కనబడుతుంది. చాలామంది అక్కడే ఏడ్చేస్తారు. చాలావరకు ఆ పైపొర ఊడి కింద లేత చర్మం వస్తుంది. స్పర్శ మాత్రం చాలా భాగం తిరిగి రాదు, అది ముందే తెలుసుకుని ఒప్పుకోవాల్సిన సంగతి.

ఇక డ్రెయిన్లు. చంక కింద రెండు పక్కలా సన్నటి గొట్టం, గొట్టం చివర అరచేతిలో పట్టే మెత్తటి ప్లాస్టిక్ బుడ్డి. చర్మం కింద ఊరే నీరంతా అందులోకి రావాలి. రోజుకి రెండుసార్లు చేతులు కడుక్కుని, బుడ్డి మూత తీసి, నీటిని కొలత గ్లాసులోకి వంచి, ఏ పక్క ఎన్ని ఎం.ఎల్. అని నోటుబుక్కులో రాసుకోవాలి. తర్వాత ఖాళీ బుడ్డిని పిడికిట్లో చప్పగా నొక్కి, ఆ పట్టు వదలకుండా మూత బిగించాలి. అట్లా నొక్కి మూస్తేనే అది లోపలి నీటిని లాగుతుంది. గాలి నిండిన బుడ్డి వేలాడుతూ ఉంటే గొట్టం ఉన్నా లేనట్టే, నీరు లోపలే నిలిచి ఉబ్బుతుంది. మొదట ఎర్రగా వచ్చేది రోజులు గడిచేకొద్దీ పలచబడి, లేత పసుపులోకి మారుతుంది. రోజు మొత్తం మీద 30 ఎం.ఎల్. లోపుకి తగ్గాక మామూలుగా గొట్టం తీసేస్తారు. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా ఒక పక్కే రాయిలా గట్టిపడి ఉబ్బి, బుడ్డి ఎర్రటి రక్తంతో గబగబా నిండుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. లోపల రక్తం చేరుతోందని అర్థం. వెంటనే సర్జన్‌కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాలి.

నన్ను గొట్టాలతోనే ఇంటికి పంపారు. నీరు తగ్గాక మీ దగ్గర ఏ డాక్టరైనా తీసేస్తారు, చిన్న పని అన్నారు సర్జన్. నిజంగా చిన్న పనే. దానికోసం టౌన్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌కి పోతే కాంపౌండర్ చొక్కా విప్పించి, చూసి, పక్క గదిలోంచి ఇంకో ఇద్దర్ని పిలిచాడు. వాళ్ళు గుమ్మంలో నిలబడి చూశారు. డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే, ఎక్కడ కోయించుకున్నావో అక్కడికే పో, మేం ముట్టుకోం అన్నాడు. మాది రొయ్యల గుంటల వైపు ఊరు. అక్కడి నుంచి చెన్నై పోవాలంటే ఆటో, బస్సు, ఆపైన రైలు. గొట్టాలు చొక్కా లోపల పిన్నీసుతో పెట్టుకుని జనరల్ బోగీలో నిలబడి అంత దూరం పోవడం ఎట్లా ఉంటుందో ఆయన ఆలోచించి ఉండడు.

చివరికి మా వీధికి దగ్గర్లో ఉండే ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు ఆ పని చేశారు. సర్జరీ వార్డులో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. ముందు మా సర్జన్‌తో ఫోన్లో మాట్లాడారు. నా నోటుబుక్కు తీసుకుని చివరి రోజుల అంకెలు వేలితో ఒక్కొక్కటే చూశారు. గ్లౌజులు వేసుకుని, గొట్టం దగ్గర కుట్టు కత్తిరించి, "ఊపిరి గట్టిగా పీల్చి మెల్లంగా వదులు నాయనా" అన్నారు. నేను వదిలేలోపే గొట్టం బయటికొచ్చింది. తర్వాత ఆమె చెప్పిన మాట నా వాదనంతటికీ ఆధారం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఆడవాళ్ళకి ఇవే గొట్టాలు ఎన్ని తీశానో లెక్కలేదు, ఇందులో కొత్తేముంది అన్నారు.

కొత్తేమీ లేదు. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు పెద్దాసుపత్రిలో సర్జరీ విభాగాలున్నాయి. రెండూ మెడికల్ కాలేజీ ఆసుపత్రులే. రొమ్ము తీసేసిన స్త్రీకి డ్రెయిన్ చూసే సిస్టర్‌కి, కుట్లు విప్పే హౌస్‌సర్జన్‌కి నా ఛాతీ మీద కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది? అంతెందుకు, రొమ్ములు పెరిగిన మగపిల్లలకి, గైనకోమాస్టియా అంటారే, వాళ్ళకీ ఛాతీ ఆపరేషన్ చేస్తారు. వాళ్ళకీ గొట్టాలే, బిగుతు బనియనే. ఆ కుర్రాడు డ్రెస్సింగ్‌కి వస్తే గుమ్మంలో నిలబడి ఎవరూ చూడరు. నాకు కావలసింది ఆ కుర్రాడికి దొరికే మర్యాదే.

గొట్టాలు పోయినాక అసలు పని మొదలవుతుంది. మానిన గాయం గట్టిపడిందని మనం అనుకుంటాం. మూడు వారాలకి కొత్త చర్మానికి ఉండే బలం మామూలు చర్మంలో 20 నుంచి 30 శాతం. మూడు నెలలకి 80 శాతం దాకా వస్తుంది, అంతకు మించి ఎప్పటికీ రాదు. ఛాతీ చర్మం ఊరికే ఉండేది కాదు. ఊపిరి తీసినా, చెయ్యెత్తినా సాగుతుంది. ఆ లాగుడుకి మచ్చ వెడల్పవుతుంది, పొంగుతుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు నాలుగైదు కిలోలు దాటిన బరువు ఎత్తొద్దని, చేతులు భుజాల పైకి లేపొద్దని, బిగుతు బనియన్ వదలొద్దని చెప్పేది ఆ లాగుడు తగ్గించడానికే.

ఈ ఆరు వారాల మాట చెప్పడం తేలిక. నేను రొయ్యల మేత కొట్టులో లెక్కలు రాస్తాను. కూర్చుని చేసే పని కాబట్టి గడిచిపోయింది. అదే కొట్టులో బస్తాలు మోసే కుర్రాడికి ఒక్కో మేత బస్తా 25 కిలోలు. మావాళ్ళలో ఎక్కువమంది ఇట్లాంటి పనుల్లోనే ఉన్నారు. ఇల్లు వదిలి వచ్చినవాడికి చదువు సగంలో ఆగిపోతుంది, సర్టిఫికెట్లలో పాత పేరుంటుంది, దొరికేది ఒళ్ళు వంచే పనే. చిట్టీ పాడి, అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించుకున్నవాడు రెండో వారంలోనే బస్తా ఎత్తుతాడు, ఎత్తక తప్పదు. ఆ తర్వాత మచ్చ తాడులా లేచిందంటే అజాగ్రత్త అని వాణ్ణి తిట్టేవాళ్ళని చూశాను. మచ్చ లేచింది కూలి పోతుందన్న భయం వల్ల. ఆపరేషన్‌కి డబ్బు పోగేసేటప్పుడు ఆ ఆరు వారాల తిండి, అద్దె కూడా అదే లెక్కలో కలపండి. లేకపోతే తేదీ వాయిదా వేయండి. ఆపరేషన్ ఖర్చుకి విరాళాలు పోగేసే మిత్రులకీ ఇదే మనవి.

తేదీ మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మా తీరంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, తుపాన్లు. గూడూరు దగ్గర పట్టాలు మునిగితే రైళ్ళు ఆగిపోతాయి. ఏప్రిల్ నుంచి ఎండలు. సంక్రాంతి పోయినాక చేయించుకుంటే బిగుతు బనియన్ గడువు మార్చిలోపు ముగుస్తుంది. రోహిణి కార్తెలో ఆ బనియన్ వేసుకుని ఎవరైనా ఇరవై నాలుగు గంటలూ ఉండగలరని నేననుకోను.

మచ్చకి ఏం చేయాలన్న విషయంలో డాక్టర్లు ఎక్కువగా ముందు చెప్పేది సిలికాన్. జెల్‌గా దొరుకుతుంది, పలచటి షీటుగా దొరుకుతుంది. గాయం పూర్తిగా మూసుకుని, పొక్కులన్నీ రాలిపోయాకే మొదలుపెట్టాలి. అది మామూలుగా రెండు మూడు వారాల తర్వాత. పచ్చి గాయం మీద పెట్టకూడదు. రోజుకి కనీసం 12 గంటలు, రెండు మూడు నెలల పాటు వాడాలి. సిలికాన్ ఆ చోట చర్మంలోంచి తేమ ఆవిరై పోకుండా ఆపుతుంది, దాంతో మచ్చ పొంగడం తగ్గుతుంది. ఏసీ గదిలో ఉండేవాడికి షీటు హాయి. మన ఉక్కలో షీటు కింద చెమట నిలిచి చెమటకాయలు లేస్తాయి. కాబట్టి మొదట రెండు మూడు గంటలు పెట్టి చూసి, తట్టుకుంటే పెంచండి. రోజూ తీసి, షీటునీ చర్మాన్నీ మెత్తటి సబ్బుతో కడిగి ఆరనివ్వండి. నా అనుభవంలో మన ఎండకి జెల్ నయం. దాన్ని వెన్నలా దట్టంగా పూయొద్దు, పలచగా రాసి నాలుగైదు నిమిషాలు ఆరాకే చొక్కా వేసుకోవాలి.

సిలికాన్ ఖరీదు మా కుర్రాళ్ళకి భారం. అందుకని ఇది గట్టిగా చెబుతున్నా: ఏ మెడికల్ షాపులోనైనా దొరికే కాగితం టేపు ఉంది కదా, సెలైన్ సూది కదలకుండా అంటిస్తారే, అది కూడా పనికొస్తుంది. 2005లో ఆస్ట్రేలియాలో సిజేరియన్ అయిన స్త్రీల మీద చేసిన అధ్యయనంలో 12 వారాలు కాగితం టేపు వేసుకున్నవాళ్ళకి మచ్చ పొంగడం తగ్గింది. చర్మం లాగుడుని టేపు తన మీద వేసుకుంటుంది. మచ్చ మీద పొడుగునా అంటించి, దానంతటది ఊడేదాకా వదిలి, ఊడాక కొత్తది వేయడమే. దద్దురు వస్తే ఆపేయండి. కొన్ని పదుల రూపాయల్లో అయిపోయే పని ఇది. డిశ్చార్జి కాగితాల మీద మాత్రం నేనింతవరకు దీని పేరు చూడలేదు.

మసాజు గురించి అధ్యయనాలు ఒక మాట మీద లేవు. కానీ గాయం గట్టిపడ్డాక, సర్జన్ సరేనన్నాక రోజూ ఐదు పది నిమిషాలు మామూలు మాయిశ్చరైజర్‌తో వేళ్ళు ఒత్తి తిప్పితే బిగుతు, దురద తగ్గుతాయని నాకూ, నాకు తెలిసినవాళ్ళకీ అనుభవం. విటమిన్ ఇ క్యాప్సూల్ పిండి రాసే అలవాటు మాత్రం మానండి. 1999లో అమెరికాలో దాన్ని పరీక్షించి చూస్తే మచ్చకి మేలు కనబడలేదు, వాడినవాళ్ళలో మూడో వంతు మందికి చర్మం రేగింది. మెడికల్ షాపువాళ్ళు తెల్లబడటానికని ఇచ్చే స్టెరాయిడ్ క్రీములు అంతకంటే చెడ్డవి. చర్మాన్ని పలచబరుస్తాయి. పసుపు, వేపాకు ముద్ద, ఆముదం ఏదైనా సరే పచ్చి గాయం దరిదాపుల్లోకి రానీయొద్దు. చొక్కా లేకుండా ఎండలోకి పోయేవాళ్ళు మొదటి ఏడాది మచ్చ మీద గుడ్డయినా కప్పండి, ఎస్‌పీఎఫ్ 30 దాటిన సన్‌స్క్రీనైనా రాయండి. కొత్త మచ్చకి ఎండ తగిలితే నల్లబడి అట్లాగే ఉండిపోతుంది.

మన చర్మం రంగున్నవాళ్ళకి ప్రత్యేకంగా తెలియాల్సింది కీలాయిడ్ సంగతి. మచ్చ కోత గీత లోపలే పొంగితే అది ఒక రకం. మొదటి నెలల్లోనే లేస్తుంది, చాలామందికి కాలం గడిస్తే తగ్గుతుంది. కీలాయిడ్ అట్లా కాదు. గీత దాటి పక్క చర్మంలోకి పాకుతుంది, కొన్ని నెలలకి మొదలై పెరుగుతూ పోతుంది, దురద, నొప్పి ఉంటాయి. చామనఛాయ, నలుపు చర్మాల్లో, పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ వయసులో, ఛాతీ మీద, భుజాల మీద, చెవి తమ్మెల మీద ఎక్కువ. మావాళ్ళు చాలామంది ఆపరేషన్ చేయించుకునే వయసూ, చోటూ సరిగ్గా అవే. చెవులు కుట్టించినప్పుడు తమ్మె మీద బుడిపె లేచిందా, మీ అమ్మకో నాయనకో అట్లాంటి మచ్చలున్నాయా అని ముందే చూసుకుని సర్జన్‌కి చెప్పాలి. లేస్తే ట్రయామ్సినలోన్ అనే ఇంజెక్షన్ మచ్చలోకే ఇస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలకి ఒకసారి. చర్మవ్యాధుల ఓపీలో ఇది ఎప్పుడూ జరిగే వైద్యం. తొందరపడి కోయించేస్తే, వేరే వైద్యమేదీ జోడించకపోతే, తిరిగి అంతకంటే పెద్దది రావచ్చు.

రాత్రంతా ఛాతీ గోక్కుంటూ నిద్రలేని మనిషిని, చెయ్యి పూర్తిగా పైకెత్తలేక దండెం మీద బట్టలు ఆరేసుకోలేని మనిషిని చూసినవాళ్ళెవరూ మచ్చ వైద్యాన్ని సోకు అనలేరు. కోత అంచుల్లో చర్మం ముడతగా మిగిలితే, డాగ్ ఇయర్ అంటారు దాన్ని, చంక దగ్గర చొక్కా కుట్టు ఒరుసుకుని పుండు పడుతుంది. దాన్ని సరిచేయడం కూడా వైద్యమే. కాకపోతే తొందరపడకుండా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగి చూడాలి, చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

తిండి దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఆపరేషన్ అయినవాళ్ళకి పప్పు పెడితే చీము పడుతుందని మా అమ్మ నమ్మకం. గుడ్డు వద్దు, వంకాయ వద్దు, చేపల పేరెత్తొద్దు. కారప్పొడి అన్నం, చారు. "నీకు తెలియదు ఊరుకోరా, మీ నాయనకి హెర్నియా అప్పుడు నేను చేసిన పథ్యం ఇదే" అంటుంది. ఆమె కోపంలో ప్రేమే ఉంది, ఆ ప్రేమ వల్లే నేను ఇంటికి రాగలిగాను. కానీ మాంసకృత్తులు లేకుండా గాయం మానదు. చీము క్రిముల వల్ల వస్తుంది, పప్పు వల్ల రాదు. నేను ఎంత చెప్పినా వినని అమ్మ, గొట్టాలు తీసిన ఆ నర్సమ్మ చెబితే విని మర్నాడే కోడిగుడ్లు ఉడకబెట్టింది. ఆ తర్వాత చేపల పులుసు కూడా వచ్చింది. అందుకే అంటున్నాను, చెప్పే మనిషి ఊళ్ళోనే ఉండాలి. చెన్నై డాక్టరు వీడియో కాల్‌లో మా అమ్మని ఒప్పించలేడు.

మచ్చ దాచుకోవాలా, చూపించుకోవాలా అని మావాళ్ళలో వాదనలు నడుస్తుంటాయి. నాకు రెండూ సమ్మతమే. మా ఊళ్ళో వేసవి సాయంత్రం మగవాళ్ళు చొక్కా లేకుండా, భుజాన తువ్వాలుతో అరుగుల మీద కూర్చుంటారు. నేనూ కూర్చుంటాను. ఒకసారి పక్కింటి పెద్దాయన చూసి, "ఏం ఆపరేషనబ్బా, గుండెదా?" అన్నాడు. అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. బాగా మానిందన్నా, తల ఊపి వేరే మాటలోకి పోయాడు. ఎవరి ఛాతీ కథ వాళ్ళ ఇష్టం వచ్చినప్పుడు వాళ్ళే చెప్పుకుంటారు. డ్రెస్సింగ్ గదిలో మాత్రం ఆ కథ అడిగే హక్కు ఎవరికీ లేదు. గాయం ఎట్లా ఉంది, జ్వరం ఉందా, ఏం మందులు వాడుతున్నావు, అంతే.

ఇక ప్రభుత్వం సంగతి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో మా గుర్తింపు మాదేనంది. ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామని పట్టుబట్టడం చెల్లదంది. 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ చట్టం 15వ సెక్షన్‌లో ఆపరేషన్లు, హార్మోన్ల వైద్యం, వాటికి ముందూ తర్వాతా కౌన్సెలింగ్, బీమా అన్నీ రాశారు. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా మాకు వైద్యం అని ఒప్పందం చేశారు. కాగితం మీద ఇవి మంచివే, వీటికోసం కొట్లాడినవాళ్ళకి నేను రుణపడి ఉన్నాను. కానీ లెక్క చూడండి. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తర్వాత ఖర్చు 15 రోజుల దాకా లెక్కలోకి వస్తుంది. సిలికాన్ మొదలయ్యేదే రెండు మూడు వారాలకి. కీలాయిడ్ తల ఎత్తేది నెలలు గడిచాక. పథకం చేతులు దులుపుకునే రోజుకి మచ్చ వైద్యం ఇంకా మొదలే కాదు.

దాతల డబ్బు మీద ఆధారపడితే ఏమవుతుందో హైదరాబాద్‌లో చూశాం. 2021లో అక్కడ మావాళ్ళ కోసం మొదలైన మిత్ర్ క్లినిక్‌కి మన వైపు నుంచి కూడా కుర్రాళ్ళు వెళ్ళేవాళ్ళు. మాలాంటివాళ్ళే అక్కడ పనిచేసేవాళ్ళు కాబట్టి లోపలికి పోవడానికి భయం ఉండేది కాదు. 2025 మొదట్లో అమెరికా సాయం ఆగడంతో అది మూతపడింది. తర్వాత వేరే దాతల సాయంతో, కొత్త పేరుతో మళ్ళీ తెరిచారు, సంతోషమే. కానీ అమెరికాలో ఎవరో సంతకం చేస్తే ఇక్కడ ఒక కుర్రాడి వైద్యం ఆగిపోయే పద్ధతి మీద మేం బతుకులు కట్టుకోలేం. పెద్దాసుపత్రి ఎక్కడికీ పోదు. ఉదయగిరి నుంచైనా నెల్లూరుకి పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు.

కాబట్టి నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల అధికారులకి నేను అడిగేది కొత్త భవనం కాదు, కొత్త యంత్రం కాదు. వారానికి ఒక పూట సర్జరీ ఓపీలో, చర్మం ఓపీలో, ఛాతీ ఆపరేషన్ అయినవాళ్ళెవరైనా రావచ్చు అని ఒక బోర్డు. రొమ్ము క్యాన్సర్ స్త్రీలు, గైనకోమాస్టియా పిల్లలు, మేము, అందరం ఒకే వరసలో. గదికి ఒక తెర. ఓపీ చీటీ మీద మేం చెప్పిన పేరు. అందరికీ ఇచ్చే మందుల్లోనే సిలికాన్ జెల్, కాగితం టేపు, ట్రయామ్సినలోన్. క్యాన్సర్ ఆపరేషన్ అయిన స్త్రీలకీ ఇవి కావాలి, వాళ్ళకీ సరిగ్గా అందడం లేదు. ఈ పని మాకోసం మొదలైతే ముందు బాగుపడేది వాళ్ళే, ఎందుకంటే సంఖ్యలో వాళ్ళే ఎక్కువ.

బోర్డు వచ్చేదాకా ఆగలేని తమ్ముళ్ళకి ఒక మాట. సర్జన్ దగ్గర డిశ్చార్జి కాగితం తీసుకునేటప్పుడు అందులో ఇవి విడిగా, ఎవరైనా చదవగలిగేట్టు రాయించుకోండి: ఏ పద్ధతిలో చేశారు, గొట్టాలు ఎన్ని ఎం.ఎల్. దగ్గర తీయాలి, కుట్లు కరిగేవా విప్పాల్సినవా, బిగుతు బనియన్ ఎన్ని వారాలు, సిలికాన్ ఏ తేదీ నుంచి, జ్వరం వచ్చినా ఎరుపు పాకినా దుర్వాసన వచ్చినా ఏ నంబరుకి ఫోన్ చేయాలి. తీసిన కణజాలాన్ని పరీక్షకి పంపారో లేదో అడిగి, పంపితే ఆ రిపోర్టు కూడా దాచుకోండి. ఆపరేషన్ తర్వాత కూడా ఛాతీలో కాస్త కణజాలం మిగులుతుంది, ఎప్పుడైనా గడ్డలాంటిది తగిలితే చూపించుకోవాలి. ఇంకొకటి, ఇది వెళ్ళకముందే చేయాల్సింది. మీ ఊరికి దగ్గరున్న నర్సునో డాక్టరునో కలిసి, తిరిగొచ్చాక మీ దగ్గరికే వస్తాను, చూస్తారా అని అడగండి. సరేనంటేనే రైలెక్కండి. కాదంటే ఇంకొకర్ని వెతుక్కోవడానికి అప్పటికింకా టైముంటుంది.